రాయి వదలని సాఫ్ట్ కోరల్‌ని తీసేదెలా

ఉప్పునీటి అక్వేరియంలో పెంచే సాఫ్ట్ కోరల్స్ (గట్టి అస్థిపంజరం లేని మెత్తటి పగడపు జీవులు) రాయికి అతుక్కుని పెరుగుతాయి. వాటిని వేరేచోటికి మార్చాలని నేను మొదటిసారి మష్రూమ్ కోరల్‌ని (పుట్టగొడుగులా ఉండేది) గోటితో గీకాను. సగం చేతికొచ్చింది, సగం రాయికే అంటుకుపోయింది. చచ్చిందనుకున్న ఆ సగం నుంచే కొన్నాళ్లకు మూడు పిల్ల మష్రూమ్‌లు లేచాయి. మష్రూమ్ మొండిది కాబట్టి నా తప్పు చెల్లిపోయింది. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: వీలున్నంతవరకూ కోరల్ జోలికి పోను, దాని కింది రాయినే తెంపుతాను.

ముందు అదేమిటో గుర్తుపట్టండి. జోయాంథిడ్లు (గుండీల్లా గుంపుగా పెరిగే కోరల్స్), ముఖ్యంగా వాటిలో పాలీథోవా రకాలు అయితే ఆషామాషీగా చేయి పెట్టకండి. వాటిలో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉండొచ్చు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చేతి మీద చిన్న గాయమున్నా ఆ పని ఇంకో రోజుకు పెట్టుకోండి. బ్రష్‌తో రుద్దొద్దు, తుంపర్లు కళ్లలో పడతాయి. ఆ రాయిని మరిగించి శుభ్రం చేద్దామనే ఆలోచన అసలే వద్దు. ఆవిరితో విషం గాల్లోకి లేచి ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రి పాలైన ఘటనలు ఉన్నాయి.

రాయి బయటికి వచ్చేదైతే ట్యాంకు నీళ్లే పోసిన ట్రేలో పెట్టి పని చేయండి. ట్యాంకులోనే కోస్తే జిగురంతా నీళ్లలో కలుస్తుంది. కోరల్ పాదం చుట్టూ కాస్త రాయి వదిలి బోన్ కట్టర్‌తో (ఎముకలు కత్తిరించే పట్టకారు లాంటిది) నొక్కితే పెళ్లతో సహా ఊడి వస్తుంది. కోరల్‌కి తెలియను కూడా తెలియదు.

రాయి కదిలేది కాకపోతే? జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్స్ లాంటి పాకేవాటికి పక్కనే చిన్న రాతిముక్క ఆనించి వదిలేయండి. అవే దాని మీదికి పాకుతాయి. తర్వాత మధ్యలో బ్లేడుతో ఒక్క గాటు చాలు. నెలలు పట్టొచ్చు గానీ ఇంతకంటే టెన్షన్ లేని దారి నాకు కనపడలేదు. తొందరైతే స్టార్ పాలిప్స్ ఊదారంగు పొరని అంచు పట్టుకుని చాప చుట్టినట్టు మెల్లగా లేపొచ్చు.

లెదర్ కోరల్‌ని (కాడ మీద తోలులాంటి తల ఉండేది) మాత్రం కోయాల్సిందే. కొత్త బ్లేడుతో, కాడ దగ్గర, ఒకే కోత. రంపంలా ఆడిస్తే గాయం చిరుగుతుంది. రాయి మీద మిగిలిన మొదలు మళ్లీ తల ఎత్తుతుంది. కోసిన ముక్కని వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లతో జిగురు పోయేదాకా కడిగాకే లోపల పెట్టండి. లెదర్లు వదిలే రసాయనాలు పక్క కోరల్స్‌ని ఇబ్బంది పెడతాయి, అందుకే ఆ వారం ఫిల్టర్‌లో వాటిని పీల్చుకునే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) వేస్తాను.

తీసినదాన్ని కొత్త రాతిముక్కకి అంటించడమే అసలు తలనొప్పి. రాతిపెళ్లతో వచ్చినదానికి జెల్ సూపర్ గ్లూ బాగా పట్టుకుంటుంది. జారుడు ఒంటికి అది నిలవదు. లెదర్‌ని రాతిముక్కకి రబ్బరు బ్యాండుతో, బిగుతుగా కాకుండా, కడతాను. మష్రూమ్‌ని రాళ్ల ముక్కలున్న చిన్న గిన్నెలో వేసి, పైన వల కప్పి, నీటి వేగం తక్కువున్న మూల పెడతాను. వారం పది రోజుల్లో ఏదో ఒక ముక్కని పట్టుకుంటుంది.

లెదర్ కొన్నాళ్లు ముడుచుకుని, మైనం పూసినట్టు మెరుస్తుంటే కంగారుపడి చోటు మార్చకండి, ఆ పొర తనంతట ఊడిపోతుంది. మెత్తబడి, గోధుమరంగు జావలా కారుతూ కుళ్లు వాసన వస్తే మాత్రం ఆ ముక్కని వెంటనే తీసేయండి.