పాత స్కార్పియో కొని ఇంటి దగ్గరే ఇంజన్ విప్పే ముందు

దసరాకి పాత బండి బేరంలో ఉన్నారా? చవగ్గా వచ్చిన డీజిల్ స్కార్పియోనో, సఫారీనో కొని ఇంజన్ పని మనమే చేసుకుందాం అనుకుంటే అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

• ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 (ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ కొట్టేయించే ఫారం) చేతికొచ్చాకే డబ్బివ్వండి. లేదంటే ఎంత బాగా ఇంజన్ చేసుకున్నా బండి మీ పేరు మీదకు రాదు.

• ఢిల్లీ బండైతే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ అడగండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలిపి చూసుకోండి.

• చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. ఐడిల్‌లో ఆయిల్ మూత తీయండి. పొగ బుస్సుబుస్సుమని తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ లోపలి లైనర్లు అరిగి ఉండొచ్చు. సిలిండర్లు సరిచేసే బోరు పని లేత్ షాపు లేకుండా ఇంట్లో అయ్యేది కాదు.

• డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలకాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు. హెడ్ కింద సీలులా ఉండే గాస్కెట్ ఒక్కటే పోయి ఉంటే మార్చుకోవచ్చు. హెడ్ (ఇంజన్ పైభాగం) పగిలి ఉంటే నా మాట విని బేరం వదిలేయండి.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు:

• ఒట్టి జాకీ మీదున్న బండి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. జాకీ జారితే ప్రాణమే పోతుంది.

• ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయొద్దు. పాత డీజిళ్లలో చెల్లిన అలవాటది. సీఆర్‌డీఐ (కామన్ రైల్ డీజిల్) ఇంజన్ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.

• హెడ్ బోల్టులకి టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) అద్దెకైనా తెచ్చుకోండి. చేతి అంచనాతో బిగిస్తే కొత్త గాస్కెట్ కూడా పోతుంది.