చంటిబిడ్డతో దూర ప్రయాణం: ఏడుపుకు కారణం ఆకలి కాకపోతే?

హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. ఫోనులో మ్యాపు ఐదు గంటలు అంటుంది. అది పిల్లలు లేనివాళ్ల లెక్క. మా పాపకు ఏడో నెలలో మొదటిసారి ఆ దారి పట్టినప్పుడు మాకు ఎనిమిది గంటలు పట్టింది. సగం తప్పు మాదే. ఏడ్చిన ప్రతిసారీ పాలసీసా నోట్లో పెట్టాం. ఏడుపు ఎప్పుడు, ఎక్కడ మొదలైందో గమనిస్తే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: బేబీ సీటులో కూర్చోబెట్టగానే కెవ్వుమంటోంది

ముందు బకిల్‌ను చేత్తో తాకి చూడండి. ఎండలో నిలిపిన కారులో దాని లోహం చురుక్కుమంటుంది. పాప తొడ మీద ఎర్రటి మచ్చ కనిపించేదాకా మాకు ఆ సంగతి తట్టలేదు. కారు దిగేటప్పుడు సీటు మీద తువ్వాలు కప్పి వెళ్తే చాలు. బకిల్ చల్లగానే ఉంటే, పట్టీ కింద చర్మం నలుగుతోందేమో చూడండి. ఏడుస్తోంది కదా అని పట్టీలు వదులు చేయవద్దు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత చిక్కకూడదు, అదే సరైన బిగువు.

సమస్య: నిద్రలో తల వాలిపోయి గడ్డం ఛాతీకి ఆనుతోంది

ఏడుపు లేదు కాబట్టి దీన్ని ఎవరూ సమస్య అనుకోరు. నేను మాత్రం అన్నిటికంటే దీనికే భయపడతాను. పసిబిడ్డకు మెడలో బలం తక్కువ. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడే దారి ఇరుకవుతుంది. సీటు మరీ నిటారుగా ఉన్నా, తొందరపడి బిడ్డను ముందువైపు తిప్పి కూర్చోబెట్టినా ఇలా జరుగుతుంది.

బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండాలి. సీటు ఎంత వాలాలో చూపే గీత చాలా సీట్ల పక్కన ఉంటుంది. కారును చదునైన నేల మీద నిలిపాకే దాన్ని సరిచూడండి, ఇంటి ముందు వాలు మీద చూస్తే లెక్క తప్పుతుంది. మెడ వెనుక దిండు కుక్కితే తల ఇంకా ముందుకు తోసుకొస్తుంది. ఇలా వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో పెట్టనే కూడదు. పక్కన ఒకరు మేలుకుని ఉండాలి. కనీసం రెండు గంటలకొకసారి ఆపి, నిద్రలో ఉన్నా సరే, బిడ్డను బయటికి తీయాలి. ‘హాయిగా పడుకుంది, ఇలాగే వెళ్లిపోదాం’ అన్న మాట మా కారులోనూ వినిపించింది. ఆ మాట అన్నది నేనే.

సమస్య: ఏసీ వేసే ఉంది, అయినా ముఖం ఎర్రబడి చిరాకు పడుతోంది

చేతులు చల్లగా ఉన్నాయని మోసపోవద్దు. మెడ వెనుక వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే ఉక్కపోతే. ముందు నుంచి వచ్చే చల్లగాలి, వెనక్కి తిరిగిన సీటు లోపలికి సరిగా చేరదు. పైగా బయలుదేరేటప్పుడు అమ్మమ్మ తొడిగిన టోపీ, స్వెటర్ అలాగే ఉంటాయి. వాటిని తీసి, పలుచని నూలు చొక్కా ఉంచండి. ఎండ పడే కిటికీకి తెర కట్టండి. ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు వద్దు, పాలే ఇంకోసారి పట్టండి. ‘రెండు నిమిషాలే’ అనుకుని కూడా ఆపిన కారులో ఒంటరిగా వదలవద్దు.

సమస్య: తాగిన పాలు కక్కేస్తోంది

వాలుగా ఉన్న సీటులోనే సీసా పట్టడం, తాగీతాగగానే పట్టీలు బిగించడం దీనికి కారణాలు. ఆపి, ఎత్తుకుని పట్టి, త్రేన్పు వచ్చాక పావుగంట భుజాన వేసుకోండి. డబ్బాపాలైతే పొడిని విడిగా, కాచిన వేడినీళ్లను ఫ్లాస్కులో తీసుకెళ్లి అప్పటికప్పుడు కలపండి. బిడ్డ నోరు పెట్టిన సీసాలో మిగిలినవి గంట దాటితే పారబోయాలి.

సమస్య: టోల్‌గేటు దగ్గర బండి ఆగగానే ఏడుపు

ఊపు ఆగిపోయింది, అంతే. సంక్రాంతి ముందురోజు పంతంగి టోల్‌గేటు వరుసలో ఇరుక్కుంటే దీనికి మందు లేదు. పండుగకు రెండు రోజుల ముందే, తెల్లవారుజామున బయలుదేరండి.

సమస్య: ఒడిలోకి తీసుకుంటేనే ఊరుకుంటోంది

మా అత్తయ్య అన్నారు: ‘మీ ఆయనను నేను ఒడిలోనే పెట్టుకుని తిరిగానమ్మా, ఏమైంది?’ ‘అప్పుడు బస్సు నలభై మీద వెళ్లేది అత్తయ్యా, ఇప్పుడు మీ అబ్బాయి వంద మీద ఉన్నాడు’ అన్నాను. వేగం మీద బ్రేకు పడితే ఎనిమిది కిలోల బిడ్డను ఏ చేతులూ ఆపలేవు. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను కింద, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టుగానీ బేబీ సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. ఎత్తుకోవాలంటే కారు ఆపాల్సిందే. రహదారి అంచున కాదు, చౌటుప్పల్‌లోనో సూర్యాపేటలోనో లోపలికి తిప్పి హోటలు ఆవరణలో ఆపండి. దుప్పటి పరిచి అరగంట పాకనిస్తే తర్వాతి గంటన్నర ప్రశాంతంగా గడుస్తుంది. బండి దారిలో చెడిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033.

ఇవి కనిపిస్తే ప్రయాణం మానేయండి

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చని వాంతి, ఆరు గంటలుగా డైపర్ తడవకపోవడం, లేపినా కళ్లు తెరవలేనంత మత్తు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోను చేయండి.