పాత ఎయిర్ రైఫిల్‌ను విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమ్మినవారు ఖాళీగా ఉందని ఎంత నమ్మకంగా చెప్పినా, చేతికొచ్చిన ఎయిర్ రైఫిల్‌లో గుండు ఉందనే అనుకోవాలి. బారెల్‌ను మడిచి చూసేటప్పుడు రెండో చేత్తో దానిని గట్టిగా పట్టుకోవాలి. ట్రిగ్గర్ అరిగి ఉంటే బారెల్ ఒక్కసారిగా మూసుకుని వేళ్లు నలిగిపోతాయి.

అసలు ప్రమాదం స్ప్రింగ్‌లోనే ఉంది. రైఫిల్‌ను ఎక్కుపెట్టకపోయినా లోపలి స్ప్రింగ్ కొంత నొక్కుకునే ఉంటుంది కాబట్టి, వెనుక బిరడాను లేదా దానిని పట్టి ఉంచే పిన్నును ఊరికే ఊడదీస్తే అది ముఖం మీదికి దూసుకురావచ్చు. స్ప్రింగ్‌ను నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ అనే పరికరంలో రైఫిల్‌ను బిగించి, ఒత్తిడిని కొద్దికొద్దిగా వదులుతూ తీయడమే సరైన పద్ధతి. ఆ కంప్రెసర్ లేనివారు, కళ్లద్దాలు పెట్టుకున్నా సరే, ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

సిలిండర్‌లో గాలి నింపుకునే పీసీపీ రకమైతే, మీటర్ సున్నా చూపినా నమ్మకుండా, తయారీదారు చెప్పిన విధంగా గాలి మొత్తం వదిలాకే స్క్రూలను ముట్టుకోవాలి. వాటిలో పీడనం సాధారణంగా 200 బార్ (అంటే మామూలు గాలి పీడనానికి సుమారు 200 రెట్లు), కొన్నిటిలో అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది.

గాలి జారిపోకుండా పిస్టన్‌కు ఉండే సీల్‌ను కొత్తది కొనేముందు పాతది తోలుదా, సింథటిక్‌దా చూసి కొలత తీసుకోవాలి. పిస్టన్ ముందు భాగంలో మామూలు మెషిన్ ఆయిల్ పోయకూడదు. కుదించిన గాలి వేడికి అది మండి, కొత్త సీల్‌ను కూడా పాడుచేస్తుంది. శక్తి పెంచాలని మరింత గట్టి స్ప్రింగ్ వేయడం ఇంకా తప్పు, ఎందుకంటే మన దేశంలో బారెల్ నుంచి వెలువడే గుండు శక్తి 20 జౌళ్లు దాటితే లైసెన్సు అవసరమవుతుంది.