విలువిద్య ఏడో పాఠం: లాగేది చెయ్యి కాదు, వీపు

గత పాఠంలో ‘గడ్డం కింద చెయ్యి కుదిరాక కూడా లాగడం ఆపకండి’ అని రాశాను. ఆ వాక్యం చాలామందిని తప్పుదారి పట్టించింది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి వచ్చిన వీడియోల్లో దాదాపు అందరూ చేత్తోనే లాగుతున్నారు. ఒక అమ్మాయి మణికట్టు వంగిపోయి, బొటనవేలు కొయ్యలా బిగుసుకుంది. తప్పు ఆమెది కాదు. దేనితో లాగాలో నేను చెప్పి ఉండాల్సింది. అందుకే క్లిక్కర్ (బాణం సరిపడా వెనక్కి రాగానే మొన మీది నుంచి జారిపడి టిక్కుమనే, విల్లుకు బిగించిన చిన్న రేకు) అమరికను వాయిదా వేసి మళ్లీ ఇక్కడికే వచ్చాను. నిలబడే తీరు, విల్లు పట్టు మీకు వచ్చినవే.

వేళ్లు కొక్కెం మాత్రమే. ముంజేయి ఆ కొక్కేనికి కట్టిన తాడు. నీళ్లు తోడేటప్పుడు చేంతాడు బరువు మోస్తుంది కానీ లాగదు కదా! వింటి నారి లాగే వైపు రెక్క ఎముక వెన్నెముక దగ్గరికి జరిగితే, మోచెయ్యి తల వెనక్కి చిన్న వంపుగా తిరుగుతుంది. బ్యాక్ టెన్షన్ అంటే ఇదే, మనం వీపు బిగువు అందాం. బాణం మొన క్లిక్కర్ కింద నుంచి జారడానికి మిగిలేది రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ కాస్తా చేత్తో గుంజితే నారి ముఖం నుంచి పక్కకు పోతుంది. 70 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే.

ఇక నన్ను బాగా బాధపెట్టే పొరపాటు. వీపు అనగానే కొందరు కవాతులో నిలబడ్డట్టు రొమ్ము విరిచి, రెండు రెక్కలనూ దగ్గరికి నొక్కుతారు. అప్పుడు విల్లు పట్టిన భుజం కూడా వెనక్కి వచ్చేస్తుంది. వెనక సంపాదించింది ముందు పోగొట్టుకున్నట్టే, క్లిక్కర్ పడదు. పడలేదని ఇంకా నొక్కుతారు, మెడ బిగుస్తుంది, చేతులు వణుకుతాయి. దయచేసి ఇది మానండి. రెండు రెక్కల పని ఒకటి కాదు. విల్లు వైపు భుజం కిందికి దిగి లక్ష్యం వైపు సాగాలి, నారి వైపుది మాత్రమే వెన్నుకు చేరాలి. పక్కటెముకలు పైకి లేవకూడదు. రెండు రెక్కల తలుపును నడుమ నిలబడి రెండు వైపులకూ తోసినట్టు, బలం రొమ్ము మధ్య నుంచి బయలుదేరాలి. విస్తరణ అంటే అదే. ఒక పక్క ఆగిందా, శరీరం కుంగి బాణం కిందికి పడుతుంది.

గుణుపురం కొండల్లో ఒక సవర పెద్దాయన వెదురు విల్లు ఎక్కుపెట్టడం దగ్గర నుంచి చూశాను. క్లిక్కర్ లేదు, గురి చూసే సైటు లేదు. బాణం వెళ్లిపోయాక కూడా ఆయన మోచెయ్యి ఇంకాస్త వెనక్కే జరిగింది. వేళ్లు తెరవాలని ఆయన ప్రయత్నించలేదు, వాటంతట అవే వదిలాయి. నాకు ఏ బొమ్మకన్నా ఆ మోచెయ్యే ఇష్టం.

అభ్యాసం: గడ్డి మోపుకు మూడు మీటర్ల దూరంలో నిలబడండి. మోపు వెనక ఎవరూ ఉండకూడదు. లక్ష్యం కాగితం వద్దు. గురి కుదిరాక కళ్లు మూసుకోండి. రోజుకు 60 బాణాల చొప్పున వారం రోజులు వేయండి. బాణం లేకుండా నారి వదలవద్దు, విల్లు విరగొచ్చు. ఏడో రోజు వీడియో పంపండి, ముందు నుంచి కాదు, మీ వీపు వెనక నుంచి తీసినది.