350 తీసి 454 దించేటప్పుడు

నా 1970 షెవెల్ (షెవర్లే కారు)లో 350 ఇంజిన్ తీసేసి, 454 బిగ్ బ్లాక్ అనే పెద్ద ఇంజిన్ దించాను. ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజులు. గేర్‌బాక్స్ వైపు బోల్టుల అమరిక రెండింటికీ ఒకటే, అక్కడ ఇబ్బంది లేదు.

ఫ్లైవీల్ (ఇంజిన్ వెనుక తిరిగే బరువైన చక్రం) దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. 454 బ్యాలెన్స్‌లో కొంత భాగం ఫ్లైవీల్, ముందున్న డ్యాంపర్ (వణుకు తగ్గించే చక్రం) మోస్తాయి. నేను 350 ఫ్లైవీలే బిగించాను. స్టార్ట్ చేయగానే కారంతా వణికింది, మళ్లీ మొత్తం విప్పాల్సి వచ్చింది. దయచేసి 454కి సరిపడే జత కొన్నాకే మొదలుపెట్టండి.

454కి బరువు, వేడి ఎక్కువ కాబట్టి కారు ముందు వైపు స్ప్రింగులు గట్టివి వేయండి, రేడియేటర్ పెద్దది పెట్టండి. ఎయిర్ క్లీనర్ మీద బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మెల్లగా మూసి చూడండి, ఖాళీ ఎంతుందో తెలుస్తుంది.

స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పండి. గేజ్‌లో ప్రెషర్ కనిపించాకే తాళం తిప్పాలి.