మే నెలను లెక్కలో పెట్టుకుని కొనండి: తక్కువ బడ్జెట్‌లో ఓవర్‌క్లాకింగ్

జనవరిలో రాత్రిపూట ఓవర్‌క్లాక్ చేసి, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపేలా మార్చి, గంటసేపు గేమ్ ఆడి, "నిలబడింది రా" అనుకుంటాం. అదే సెట్టింగ్‌తో మే నెల మధ్యాహ్నం, బయట 42 డిగ్రీలు కాస్తుంటే, పై అంతస్తు గదిలో కూర్చుని చూడండి. స్క్రీన్ నీలంగా మారి ఆగిపోతుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. ఏ ఫ్యాన్ కూలరైనా గది గాలి కన్నా చల్లబరచలేదు కదా.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లేముందే మోడల్ పేర్లు కాగితం మీద రాసుకోండి. మా పిన్ని కొడుకు రాసుకోలేదు. ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 5 5600 కొన్నాడు, మదర్‌బోర్డు మాత్రం "అన్నీ ఒకటే అన్నా" అన్న మాట నమ్మి ఎ520 తెచ్చుకున్నాడు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే బోర్డు సెట్టింగ్స్‌లో, ఎంత వెతికినా ప్రాసెసర్ స్పీడ్ పెంచే ఆప్షన్ లేదు. ఎ320, ఎ520, ఎ620 బోర్డుల్లో అది ఉండదు. బి450, బి550, బి650ల్లో ఉంటుంది. ఇంటెల్ అయితే పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్, దానికి జడ్ సిరీస్ బోర్డు, రెండూ కావాలి. బి660, బి760ల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్‌ది కుదరదు. పైగా కె ప్రాసెసర్లతో ఈమధ్య కూలర్ కూడా ఇవ్వడం లేదు. బడ్జెట్ అక్కడే దాటిపోతుంది. అందుకే నా ఓటు రైజెన్‌కే.

బోర్డు చేతికిచ్చినప్పుడు లైట్లు చూడకండి, ప్రాసెసర్ సాకెట్ పక్కన చూడండి. 12 వోల్టులను ఒకటిన్నర వోల్టు లోపుకి దించి ప్రాసెసర్‌కి ఇచ్చే వీఆర్ఎమ్ అక్కడే ఉంటుంది. ఓవర్‌క్లాక్ చేస్తే ముందు కాగేది అదే. దాని మీద వేడిని లాగే మందమైన లోహపు దిమ్మె (హీట్‌సింక్) లేని బోర్డు, బి550 అయినా సరే, మన ఎండలకు నేను కొనను. పాత స్టాక్ అయితే మీ ప్రాసెసర్‌కి సరిపడే బయోస్ వేసి ఉందో లేదో అక్కడే అడగండి.

5600 దానంతటదే 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. మనం పిండేది ఆపైన కొంచెమే. ఆ కొంచెం కోసం వోల్టేజ్ ఎక్కించే బదులు, బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజ్ తగ్గించి చూడండి. వేడి తగ్గి, స్పీడ్ తనే పెరుగుతుంది. ఒక్కసారే ఎక్కువ తగ్గించారో, ఖాళీగా ఉన్నప్పుడు కూడా రీస్టార్ట్ అవుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఏఎమ్‌డీ వారంటీ ఇవ్వదు.

పరీక్ష ఏసీ ఆపి, మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే ప్రైమ్95 ప్రోగ్రామ్ అరగంట నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి చూడండి. 5600 పరిమితి 90 డిగ్రీలు. 80 దాటిందంటే నేను ఒక మెట్టు దిగుతాను.

మే నెల గాలివానల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ జోలికి వెళ్లకండి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. బయోస్ సెట్టింగ్స్‌ను మళ్లీ మొదటికి తెచ్చే సీమాస్ క్లియర్ పిన్నులు బోర్డు మీద ఎక్కడున్నాయో మాన్యువల్ పేజీని ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అవి అవసరమయ్యే రోజు కంప్యూటర్ ఎలాగూ ఆన్ కాదు.