మోడల్ ఉంది, రూట్ లేదు: ఆటోమేటిక్ ఏపీఐ రూట్ల సమస్యలు, పరిష్కారాలు

కొన్ని టూల్స్‌లో డేటాబేస్ మోడల్ (టేబుల్ ఎలా ఉండాలో చెప్పే కోడ్) రాస్తే చాలు, డేటా చదవడానికీ చేర్చడానికీ మార్చడానికీ తీసేయడానికీ రూట్లు (ఏపీఐని పిలిచే అడ్రస్‌లు) వాటంతట అవే తయారవుతాయి. చాలా పని తప్పుతుంది. కానీ ఏదైనా తేడా వస్తే, ఆ కోడ్ మనం రాసింది కాదు కాబట్టి ఎక్కడ వెతకాలో తోచదు. అలాంటప్పుడు ముందు చూడాల్సింది ఒకటే: రూట్లు తయారైన సమయానికి జనరేటర్‌కి, అంటే వాటిని తయారుచేసే టూల్‌కి, ఏం కనిపించింది?

మోడల్ ఉంది, పిలిస్తే 404 (అడ్రస్ దొరకలేదు)

కోడ్ తిరగేసే ముందు, యాప్‌లో నమోదైన రూట్లన్నిటినీ ప్రింట్ చేసి చూడండి. మీ రూట్ అందులో ఉంటే తప్పు చాలావరకు మీరు పిలిచిన అడ్రస్‌లోనే ఉంటుంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అయితే అడ్రస్ చివరి స్లాష్ ఒకసారి చూసుకోండి.

లేదంటే జనరేటర్ ఆ మోడల్‌ని చూడనే లేదు. డేటాబేస్‌తో పనిచేసే పైథాన్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో మోడల్ క్లాస్ ఉన్న ఫైల్ ఇంపోర్ట్ అయితేనే ఆ టేబుల్ మెటాడేటాలో (దానికి తెలిసిన టేబుళ్ల జాబితాలో) చేరుతుంది. ఫోల్డర్‌లో ఫైల్ ఉన్నంత మాత్రాన సరిపోదు. మోడల్స్ అన్నీ ఇంపోర్ట్ అయ్యాకే రూట్లు తయారుచేసే లైన్ నడవాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి నేరుగా ఏపీఐ తయారుచేసే పోస్ట్‌గ్రెస్ట్‌లో కారణం వేరు. అది డేటాబేస్ నిర్మాణాన్ని మొదట్లోనే చదివి, స్కీమా క్యాష్‌లో పెట్టుకుంటుంది. తర్వాత మీరు చేర్చిన టేబుల్ దానికి తెలియదు. నోటిఫై కమాండ్‌తో స్కీమా రీలోడ్ చేయమని చెప్పాలి. ఈ లైన్‌ని మైగ్రేషన్ స్క్రిప్ట్ (టేబుళ్లని మార్చే స్క్రిప్ట్) చివర పెట్టేస్తే మళ్లీ మర్చిపోయే పని ఉండదు.

200 (అంతా సరే) వస్తుంది, జాబితా మాత్రం ఖాళీ

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఎక్కడా కనిపించదు. పోస్ట్‌గ్రెస్‌లో రో లెవెల్ సెక్యూరిటీ (ఏ వరుస ఎవరికి కనిపించాలో నియంత్రించే ఏర్పాటు) ఆన్ చేసి పాలసీ, అంటే అనుమతి నియమం, రాయకపోతే, మామూలు రోల్‌కి (డేటాబేస్ యూజర్‌కి) ఒక్క వరుస కూడా కనిపించదు. మీరు టేబుల్ ఓనర్‌గా లాగిన్ అయి చూస్తే అన్నీ ఉంటాయి, ఎందుకంటే మామూలుగా ఓనర్‌కి ఆ పాలసీలు వర్తించవు. అందుకే ఏపీఐ వాడే రోల్‌కి మారి అదే క్వెరీ నడపండి. ఖాళీగా వస్తే ఆ రోల్‌కి సెలెక్ట్ పాలసీ రాయండి. దయచేసి సెక్యూరిటీని మాత్రం ఆఫ్ చేయకండి.

యాప్ మొదలవగానే బేస్‌నేమ్ ఎర్రర్

జాంగోతో ఏపీఐలు రాసే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో వ్యూసెట్‌లో (ఒక మోడల్ రూట్ల పని చూసే క్లాస్‌లో) క్వెరీసెట్‌ని (డేటా తెచ్చే క్వెరీని) నేరుగా ఇవ్వకుండా ఫంక్షన్‌తో ఇస్తే, రూట్లు తయారుచేసే రౌటర్ వాటి పేర్లకి వాడే బేస్‌నేమ్‌ని తానే కనిపెట్టలేకపోతుంది. రిజిస్టర్ చేసేటప్పుడు బేస్‌నేమ్ మీరే ఇవ్వండి.

జాబితా రావడానికి చాలా సేపు పడుతోంది

100 పుస్తకాల జాబితాలో ప్రతి రచయిత వివరాలకీ విడిగా క్వెరీ వెళ్తే మొత్తం 101 క్వెరీలు. జాంగోలో సెలెక్ట్ రిలేటెడ్ వాడితే ఒక్క క్వెరీతో పోతుంది. పేజినేషన్ (జాబితాని పేజీలుగా విడగొట్టడం) కూడా పెట్టండి, ఎందుకంటే రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ దాన్ని దానంతట అది ఆన్ చేయదు.

జవాబులో పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ని మార్చి దాచిన రూపం) కనిపిస్తోంది

మిగతావి ఆపైనా సరే, దీన్ని ఇప్పుడే సరిచేయండి. సీరియలైజర్‌లో (మోడల్ డేటాని జవాబుగా మార్చే కోడ్‌లో) అన్ని ఫీల్డ్‌లూ అని రాయడమే కారణం. ఇవాళ మోడల్‌లో రహస్యమేమీ లేకపోవచ్చు. రేపు ఎవరో కొత్త కాలమ్ చేరుస్తారు, అది ఎవరినీ అడగకుండా బయటికి వెళ్తుంది. పైగా రాసే దారి కూడా తెరిచే ఉంటుంది: మామూలు యూజర్ తన రికార్డును ప్యాచ్ చేస్తూ (కొంత భాగం మారుస్తూ) తనని తానే అడ్మిన్‌గా మార్చుకోవచ్చు. బయటికి ఇవ్వదగ్గ ఫీల్డ్‌లని పేరుపేరునా రాయండి, హోదా చెప్పే ఫీల్డ్‌లని రీడ్ ఓన్లీ చేయండి. పోస్ట్‌గ్రెస్ట్ వాడేవాళ్లు ఏపీఐ కోసం వేరే స్కీమాలో వ్యూలు (టేబుల్‌లో కావాల్సిన కాలమ్‌లనే చూపే క్వెరీలు) పెట్టి వాటినే చూపించడం మేలు. హ్యాష్‌లు ఇప్పటికే బయటికి వెళ్లి ఉంటే రూట్ మూసేసి ఊరుకోకండి, ఆ యూజర్లందరికీ విషయం చెప్పి పాస్‌వర్డ్‌లు మార్పించండి.